మెహదీ గుర్రానికి లాడాలు

ఆళ్లగడ్డ రోడ్డు మీద గుర్రపు డెక్కల చప్పుడైతే చాలు, లాడాలు కొట్టే ఉసేన్‌పీరా ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉంచి తల తిప్పి చూసేవాడు. లోకం అన్యాయంతో నిండిపోయిన చివరి రోజుల్లో ఇమాం మెహదీ గుర్రమెక్కి వస్తాడని చిన్నప్పుడు వాళ్ల నాయన చెప్పగా విన్నాడు. అంత దూరం వచ్చే గుర్రానికి లాడాలు అరగకుండా ఉంటాయా? అందుకే పెళ్లయిన ఏడే నాలుగు లాడాలు చేసి గూట్లో పెట్టుకున్నాడు. శుక్రవారం నమాజు నుంచి రాగానే వాటికి ఆముదం పూసి తుడిచేవాడు. హిజ్రీ లెక్కన పద్నాలుగో శతాబ్దం ముగిసే ఏడు, అంటే పంతొమ్మిదొందల ఎనభైలో, ఇమాం తప్పక వస్తాడని అందరూ అంటే, ఆ ఏడంతా ఊరు దాటలేదు. ఇమాం రాలేదు. ఆటోలు వచ్చాయి, జట్కాలు ఒక్కొక్కటే పోయాయి. గూట్లో లాడాలు మాత్రం మెరుస్తూనే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం జకరయ్య జట్కా గుర్రం కుంటుకుంటూ వచ్చి కొలిమి ముందు ఆగింది. బండిలో అతని తల్లి జ్వరంతో మూలుగుతోంది. "లాడం యాడనో ఊడిపాయన్నా. అమ్మను ఆసుపత్రికి తీస్కపోతాండా, బిరీన కొట్టు" అన్నాడు జకరయ్య. కొలిమి చల్లారి ఉంది. రాజేసి కొత్తది చేసేంత వ్యవధి లేదు. ఉసేన్‌పీరా గూటి వైపు చూశాడు. లేచి ఒక లాడం తీసుకొచ్చి బిగించాడు.

బండి కదిలిపోయాక భార్య హజీరా గూట్లో మిగిలిన మూడింటినీ చూసి, "ఈపొద్దే ఆయన వచ్చేస్తే ఏం జేస్తావ్?" అంది.

అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"రానీలే. నాలుగోది కాల్చి కొట్టేదాకన్నా మన వాకిట్లో నిలబడతాడు గదా."