కళ్లంలో విన్న అనుప్రాస

అనుప్రాస ఎక్కడ నేర్చుకున్నారని ప్రత్తిపాడు లైబ్రరీలో పిల్లలు నన్ను అడిగారు. అంతలో బయట వాన మొదలై, తడిసిన మిరపకాయల ఘాటు తగిలింది. ఇక కుదురుగా కూర్చోలేక నిలబడే రాస్తున్నాను.

ఒకే అక్షరం మళ్లీ మళ్లీ మోగితే పద్యానికి బలమొస్తుందని చిన్నప్పుడు చదివాను. ఆ బలానికి మబ్బు కూడా జడుస్తుందనుకున్నాను. ఓసారి కౌలుచేలో పండిన మా మిరపకాయంతా కళ్లంలో ఆరుతుండగా, "గడగడలాడే గగనమా, గబగబా పో!" అని అరిచాను.

చినుకులు మొదలయ్యాయి.

"ఒసేయ్ పండితురాలా, పట్టా పట్టుకోవే!" అంది అమ్మ. గాలికి ఎగిరే టార్పాలిన్ పట్టాను అమ్మా, రెండో అంచున మస్తాన్ మామా, మిగతావాళ్లూ తలా ఒకవైపు గుంజుతున్నారు.

"లాగండ్రా లాగు, లాగి లాగు!" అని సలోమి పిన్ని అందుకుంది. ఆ మాట మోగినప్పుడల్లా అందరి చేతులూ ఒకేసారి కదిలాయి. కాయ దక్కింది.

నేను మబ్బుకి చెప్పాను. పిన్ని మనుషులకి చెప్పింది.

అమ్మకీ, సలోమి పిన్నికీ, రెండో అంచు వదలని మస్తాన్ మామకీ దండాలు.