రేపల్లె బండిలో ఇల్లు

సింగరయ్యది రేపల్లె. పన్నెండేళ్లుగా మద్రాసు హోటల్లో పిండి రుబ్బీ రుబ్బీ, కుడిచెయ్యి ఎడమచేతికి రెండింతలైంది. అక్కడున్నన్నాళ్లూ అరవం రాదని తిట్లు తింటాడు. తెనాలిలో దిగీ దిగగానే తెలుగు మర్చిపోతాడు. మొన్న సెలవు దొరికి, మెయిల్లో తెనాలి దాకా నిలబడే వచ్చాడు. రేపల్లె బండిలోనన్నా కూర్చుని తీరాలని పరిగెత్తి, కిటికీ పక్క చోటు పట్టాడు.

చేపలమ్ముకుని ఉత్త గంపతో మస్తానమ్మ ఎక్కింది. "అన్నా, నీ పక్కన ఎవరన్నా ఉన్నారా?" అనడిగింది. "ఇల్లె," అన్నాడు సింగరయ్య దర్జాగా. అరవంలో 'లేరు' అని. "ఇల్లేంటి? రైలు మీ నాయన కట్టించాడా?" అందామె. పెట్టెలో అందరూ నవ్వారు. "ఇల్లమ్మా, ఇల్లె, ఇల్లె!" అంటూ, పక్కచోటు చూపించడానికి లేచి నిలబడి రెండు చేతులూ ఊపాడు. మస్తానమ్మ పక్కచోట్లో గంప పెట్టి, అతను లేచిన చోట్లో తను కూర్చుంది. అప్పటికి అతనికి తెలుగు గుర్తొచ్చింది. "ఎవరూ లేరమ్మా!" అన్నాడు.

"ఇప్పుడు నేనున్నాగా అన్నా," అంది మస్తానమ్మ.