గోటీలు మింగిన 275275

ఇవాళ ఆదివారం. పొద్దున్నే మొదటి ఆశ్చర్యం, పక్కింటివాళ్ల చేపల తొట్టెలో గాజు గోటీలు, అవే, గోలీలు! చూడగానే పాత కోపం భగ్గుమంది. మొఘల్‌పురా గల్లీల్లో ఆడిన మిత్రులారా, ఆ గోటీల పందెం మీకూ గుర్తుందా?

మా తమ్ముడు సీను నిక్కరు జేబు నిండా గోటీలుండేవి. ఎదురింటి యాదగిరి మాకంటే పెద్దవాడు. సీనుని రోజూ అరుగు మీదికి పిలిచేవాడు.

"మూడంకెల నంబరు చెప్పురా. దాన్నే పక్కన మళ్ల రాస్త. ఏడుతోని భాగిస్తే ఏమన్న మిగిలిందా, నా గోటీలన్నీ నీకే. మిగలకుంటే నీదొకటి నాకు. గిది నా జాదూ!"

సీను 275 అంటే అది 275275 అయ్యేది. శేషం సున్న. 'శేషం' అనే మాట అప్పుడే నేర్చుకుని ఊరికే పలికి మురిసిపోయేదాన్ని. కానీ ఒక సాయంత్రం సీను జేబులోనూ శేషం సున్నే. వాడి ఏడుపు చూసి పలక ముందేసుకున్నాను. మూడంకెలను రెండుసార్లు పక్కపక్కన రాయడమంటే, 275 వేలకు 275 కలిపినట్టు, వెయ్యిన్నొకటితో గుణించడమే! వెయ్యిన్నొకటిలో ఏడు దాగి ఉంది, పదకొండూ పదమూడూ కూడా. ఇక ఏ నంబరు చెప్పినా ఓడేది మావాడే. ఇది జాదూనా? దగా!

నిలదీస్తే యాదగిరి నవ్వాడు. "గెలిచింది గెలిచినట్టే. ఆడపిల్లవు, నీకెందుకే లెక్కల లొల్లి?"

ఒళ్లు మండిపోయింది. సీను చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను. "రేపు పొద్దుగాల్ల ఎవ్వరు లేవకముందే వాళ్ల గోడ మీద బొగ్గుతోని రాస్త. ఏడు, పదకొండు, పదమూడు గుణిస్తే వెయ్యిన్నొకటి అని. గల్లీ అంత సదువుకోవాలె."

సీను కళ్లు తుడుచుకున్నాడు. "పెద్దగ రాయక్కా. బొగ్గు నేను తెస్త."