మెల్లగా మూసే విద్య

మా ఆఫీసు టవర్లో చేతులు కడుక్కునే కుళాయిలకు తిప్పే పిడి ఉండదు. చేయి చాపితే నీళ్ళొస్తాయి, తీస్తే ఆగుతాయి. ఆగేటప్పుడు లోపలి వాల్వు మూసుకుని 'టిక్' అని చిన్న చప్పుడు వస్తుంది. పక్కన చేతులు కడిగేవాళ్ళకు అది వినపడదు. వాళ్ళ చెవుల్లో ఎప్పుడూ ఏదో మీటింగు నడుస్తూ ఉంటుంది. నాకు వినపడుతుంది. హైటెక్ సిటీలో ఈ భవనానికి నీళ్ళు, గాలి సరిగ్గా అందేలా చూడటమే నా ఉద్యోగం కాబట్టి అందులో వింత లేదు. వింతేమిటంటే, విన్నప్పుడల్లా వసుంధర గారు గుర్తొస్తారు. కుళాయి చప్పుడుకు గుర్తు రావడం ఏ మనిషికీ పెద్ద గౌరవమేమీ కాదు. ఆవిడైతే సంతోషిస్తారనే నా నమ్మకం.

ఆవిడ నా మొదటి బాసు. మెకానికల్ చదివిన నా స్నేహితులందరూ జావా నేర్చుకుని బాగుపడుతున్న రోజుల్లో, నేను కొత్తగూడ చౌరస్తా దగ్గర ఒక టిఫిన్ సెంటర్ పైన ఉన్న ఆవిడ చిన్న ఆఫీసులో చేరాను. భవనాలకు నీళ్ళ లైన్లు డిజైన్ చేసే పని. మధ్యాహ్నం దాకా మా డ్రాయింగులన్నీ సాంబారు వాసన వేసేవి. ఆవిడది రాజమండ్రి వైపు. చిన్నా పెద్దా లేకుండా అందరినీ 'అండి' అనేవారు. మొండికేసిన పంపుతో కూడా "ఏమండీ, కాస్త సహకరించండి" అంటారని ఆఫీసులో ఒక ప్రచారం ఉండేది. ఆ ప్రచారం మొదలుపెట్టింది నేనే.

చేరిన కొత్తలో సోలనాయిడ్ వాల్వులకూ మోటారుతో నడిచే వాల్వులకూ తేడాల పట్టిక రాసి తెమ్మన్నారు. సోలనాయిడ్ అంటే ఒక తీగచుట్ట. కరెంటు ఇస్తే అయస్కాంతమై లోపలి కడ్డీని పైకి లాగి దారి తెరుస్తుంది. కరెంటు పోతే స్ప్రింగు దాన్ని కిందికి తోసి దారి మూసేస్తుంది. రెప్పపాటులో పని అయిపోతుంది. మోటారు వాల్వు అలా కాదు. చిన్న మోటారు, పళ్ళచక్రాలు కలిసి లోపలి గుండును నింపాదిగా తిప్పుతాయి. కరెంటు పోతే ఎక్కడున్నది అక్కడే ఆగి, వచ్చేదాకా చూస్తుంది. మొదటిది తలుపు దడాలున వేసే మనిషి. రెండోది చంటిపిల్ల పడుకున్న గది తలుపు వేసే మనిషి. నేను చుట్టూ చూసి, ఈ ఊళ్ళో అందరూ వేగానికే కదా జీతాలిస్తున్నారని, వేగం దగ్గర సోలనాయిడ్‌కు పెద్ద టిక్కు పెట్టాను. చౌక కూడా అని ఇంకో టిక్కు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, వేగం ఎవరికి మంచిదండీ అని అడిగారు. క్లయింటుకండీ అన్నాను.

"క్లయింటు పైపులో ఉండడు కదండీ. పైపులో ఉండేవి నీళ్ళు. పరిగెత్తుకొస్తున్న వాటి ముఖాన తలుపేస్తే ఏం చేస్తాయో కనుక్కుని, అప్పుడు టిక్కు పెట్టండి."

ఏం చేస్తాయో తెల్లాపూర్‌లో తెలిసింది. అక్కడొక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ. ప్రతి టవరు మీదా ట్యాంకు, ట్యాంకుకు నీళ్ళెక్కే లైన్లో ఒక సోలనాయిడ్. వాటి తీగచుట్టలు తరచూ కాలిపోతున్నాయని మమ్మల్ని పిలిచారు. పైపు వెళ్ళే దారి చూడాలని ఒక ఫ్లాట్లోకి వెళితే, అట్టపెట్టెల మధ్య ఒక పెద్దావిడ కూర్చుని గిన్నెలు సర్దుతున్నారు. ఆవిడ పేరు భాగ్యమ్మ. పుట్టింది పక్కనే గోపన్‌పల్లిలో. కొడుకూ కోడలూ మనవరాలితో అక్కడ కిరాయికి ఉంటున్నారు. ఇల్లు మారుతున్నారా అని వసుంధర గారు మర్యాదకు అడిగారు.

"మారుతలేం బిడ్డా, ఎల్లగొడుతున్రు. పొద్దుగాల లేచి నేను రోకలితోని దంచుతున్ననంట. కింద సారు నిద్ర ఖరాబైతుందంట. మిక్సీ పెట్టుకొని నాకేం ఖర్మ?"

రోకలి మాత్రం నిజంగానే ఉంది. బాల్కనీ గోడకు ఆనించి ఉంది. అది వాళ్ళ అత్తగారిదట, గుర్తుగా ఉంచుకున్నారు. కింది ఫ్లాటు ప్రసాదరావు గారు ఒకసారి గొడవపడటానికి పైకొచ్చి దాన్ని చూశారు. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆయన అసోసియేషన్‌కు ఫిర్యాదు చేశారు, అసోసియేషన్ ఓనరుకు చెప్పింది, ఓనరు నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. మనవరాలు పదో తరగతి. పరీక్షలయ్యేదాకా ఆగమని బతిమాలినా వినలేదట. ఫిర్యాదు పెట్టినాయన తనంతట తాను వెనక్కి తీసుకుంటే తప్ప చేసేదేమీ లేదన్నాడట.

మర్నాడు పొద్దున్నే ట్యాంకు నిండే వేళకు మేమిద్దరం వెళ్ళి పైపు దగ్గర నిలబడ్డాం. వసుంధర గారు నా అరచేయి పట్టుకుని పైపు మీద ఆనించారు. లోపల నీళ్ళు జోరుగా పైకెక్కుతున్నాయి. ట్యాంకు నిండింది, వాల్వు టక్కున మూసుకుంది. వెంటనే 'ధన్' అని పైపు అదిరింది, మోచేతి దాకా. ఆ పైపు గోడ వెంబడే కింది పడకగది పక్కనుంచి వెళుతుంది. ఎవరో పైన రోకలిపోటు వేసినట్టే ఉంది. ప్రసాదరావు గారిని తప్పుపట్టడానికి లేదు.

నేను మాత్రం తప్పుపట్టడానికి పూర్తిగా సిద్ధమయ్యాను. సాయంత్రం అసోసియేషన్ మీటింగు. ఆయన్ను నలుగురిలో నిలబెట్టి చెప్పడానికి రెండు మంచి జోకులు కూడా తయారుచేసుకున్నాను. దారిలో వినిపిస్తే ఆవిడ నవ్వారు. నవ్వాక, అక్కడ మీరు మాట్లాడొద్దండీ అన్నారు. "ఆయన మెట్లు దిగడానికి కాస్త చోటుండాలి. తోసేస్తే దిగరు, అక్కడే కూర్చుంటారు. ఆ పిల్ల పరీక్షలు ఆయన చేతిలో ఉన్నాయి."

మీటింగులో సెక్రటరీ, ఏదో కంపెనీలో పెద్ద మేనేజరు, మొదలుపెట్టడమే "ఈ ఊరోళ్ళకు అపార్ట్‌మెంట్ పద్ధతులు తెలీవు మేడం" అని మొదలుపెట్టాడు. భాగ్యమ్మ కొడుకు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఆ మాట వద్దండి," అన్నారు వసుంధర గారు.

గొంతు పెంచలేదు, వివరణ ఇవ్వలేదు. మాట అక్కడికి తెగిపోయింది. సెక్రటరీ ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడలో అంత వేగం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత ప్రసాదరావు గారి వైపు తిరిగారు. ఇక్కడ మాత్రం ఎంత నింపాదంటే, నాకు ఆవలింత వచ్చింది. ముందు ఆయన భార్య ఆరోగ్యం అడిగారు. ఆపరేషనయ్యాక ఆవిడకు తెల్లవారుజామున తప్ప నిద్ర పట్టదని, సరిగ్గా అప్పుడే ఈ చప్పుడని ఆయన చెప్పుకొచ్చారు. వసుంధర గారు చెప్పనిచ్చారు. చప్పుడు ఎలా ఉంటుందో, ఏ గోడలోంచి వస్తుందో కూడా ఆయనచేతే చెప్పించారు.

"మీరు విన్నది నిజమండి. నేనూ విన్నాను. వచ్చే చోటే వేరేమో అనిపిస్తోంది. రేప్పొద్దున మీరూ వచ్చి ఒక్కసారి పైపు మీద చెయ్యేసి చూద్దురూ? మీ అంత బాగా గుర్తుపట్టేవాళ్ళు ఇంకెవరున్నారు?"

నిందితురాలి పేరు ఎక్కడా రాలేదు. ఆయన వచ్చారు, చెయ్యేశారు, పైపు అదిరింది. చాలాసేపు చేయి తియ్యలేదు. నేను జోకులు రెండూ మింగాను. తర్వాత ఆయన లిఫ్టు ఎక్కకుండా మెట్లమీదుగా పైకి వెళ్ళారు. ఏం మాట్లాడుకున్నారని ఆ తర్వాత భాగ్యమ్మను అడిగాను.

"వచ్చిండు, కూసున్నడు, చాయ్ తాగిండు. మాఫీ గిట్ల ఏమనలే. మా ముంగటనే ఓనరుకు ఫోన్ చేసిండు. ఇగ అన్నట్టే లెక్క."

మనవరాలు పరీక్షలు ఆ ఇంట్లోంచే రాసింది. ట్యాంకు లైన్లకు మోటారు వాల్వులు పెట్టించాం. నీళ్ళు ఆగినట్టు కూడా తెలియకుండా ఆగేవి. ఉత్సాహం వచ్చిన సెక్రటరీ, క్లబ్‌హౌస్ వంటగది గ్యాసు లైనుకు కూడా అదే పెట్టేద్దామన్నాడు. వసుంధర గారు ఒప్పుకోలేదు. గ్యాసు లీకైతే నింపాదిగా ఆలోచించుకునే వాల్వు పనికిరాదండీ, కరెంటు పోయినా దానంతటదే మూసుకునేదే కావాలి, అక్కడ సోలనాయిడే ఉండాలన్నారు. నా పట్టికలో ఆవిడ ఎర్రసిరాతో దిద్దింది కూడా ఒక్కటే: టిక్కులన్నీ కొట్టేసి, ప్రతి వరుసలోనూ 'ఎక్కడ?' అని రాశారు.

వాల్వులకూ మనుషులకూ పోలిక ఆవిడ ఎప్పుడూ పెట్టలేదు. నేను పెట్టానని తెలిస్తే, పని తక్కువైందా అండీ అంటారు. ఇప్పుడు కూతురి దగ్గర వైజాగ్‌లో ఉంటున్నారు. పండగలకు ఫోను చేస్తే నా ఆరోగ్యం కన్నా ముందు మా భవనం పంపుల ఆరోగ్యం కనుక్కుంటారు.

నాకింద ఇప్పుడు పదిమంది పనిచేస్తున్నారు. తప్పు చేసినవాడు ఎదురుగా నిలబడ్డప్పుడు నాలుక చివరికి ఇప్పటికీ మంచి మంచి మాటలే వస్తాయి. వాడు మెట్లు దిగడానికి చోటుందా అని చూస్తాను. లేకపోతే ఆ మాట లోపలే ఉండిపోతుంది. దీనివల్ల నా హాస్యం కొంత తగ్గిందని మా ఆవిడ అంటుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో విచారమేమీ కనపడదు. టక్కున మూసే రెండో విద్యే ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. మొన్నొక మీటింగులో ఒక పెద్దాయన మా హౌస్‌కీపింగ్ వాళ్ళ గురించి అనకూడని మాట అన్నాడు. ఆ మాట వద్దండి అన్నాను. తర్వాత ఏం చెయ్యాలో తెలియక మంచినీళ్ళు తాగాను. మాట మాత్రం అక్కడితో ఆగింది.