నార్సింగి వంటావార్పులో నేను దిగిన ఫోటో

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తినే వంటావార్పులు ఊరంతా జరుగుతుండేవి. హైటెక్ సిటీలో మా ఆఫీసు క్యాంటీన్‌లో అందరూ ఆ ఫోటోలే చూపించుకునేవారు. నాది కడప. రాష్ట్రం విడిపోవాలని గానీ వద్దని గానీ ఏనాడూ నోరు విప్పినవాణ్ణి కాను. నా గుబులల్లా ఒకటే, అందరి ఫోటోలూ నెట్‌లో ఉన్నాయి, నాది లేదు. సిగ్గుచేటే గానీ, నేను బయల్దేరింది అందుకే.

అది బంద్ రోజు. కంపెనీ మమ్మల్ని ఇంటి నుంచి పని చేసుకోమంది, ఊడ్చి తుడిచేవాళ్లకు మాత్రం రాక తప్పదంది. ఉదయం ఎనిమిదికి కూకట్‌పల్లిలో ఒక్క బస్సు లేదు. ఆటో అతను రెండొందల యాభై అడిగాడు. "ఇయ్యాల బండి తీసుడే ఎక్కువ సార్, జర సమజ్ చేసుకోండ్రి" అన్నాడు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి మీదుగా వెళ్లాం. రోడ్డు మీద రాళ్లు పెట్టి ఉండటంతో చివరి కిలోమీటరు నడిచి, తొమ్మిదిన్నరకు నార్సింగి చేరాను.

పొయ్యి దగ్గర పప్పు కలుపుతున్నది యాదమ్మ, మా ఆఫీసు అంతస్తు తుడిచే ఆవిడ. నన్ను చూసి ఎంత సంబరపడిందో! "మీరొచ్చిండ్రా సారూ! గీ గరిటె పట్టుండ్రి" అంది. నా చేతిలో ఫోన్ చూసి గొంతు తగ్గించింది. "నన్ను మాత్రం ఫోటోల రానియ్యకుండ్రి. జరమొచ్చిందని సూపర్‌వైజర్‌కు చెప్పొచ్చిన."

"సరేనమ్మా" అన్నాను.

పక్కనున్నాయన చేత నాలుగు ఫోటోలు తీయించుకున్నాను. మూడింటిలో పొగకు నా ముఖం కనబడలేదు. బాగా వచ్చినదాంట్లో నాతోపాటు గరిటె పట్టుకుని యాదమ్మ కూడా ఉంది. ఆమెను కత్తిరిస్తే గరిటె పోతుంది, గరిటె లేకపోతే నేను రోడ్డు మీద ఊరికే నిలబడినట్టుంటుంది. చూసేదెవరులే అనుకుని నెట్‌లో పెట్టేశాను. విస్తరిలో వేడి అన్నం, పప్పు వడ్డించారు. రుచి గుర్తులేదు, లైకులు చూసుకుంటూ తిన్నాను.

మర్నాడు నా బల్ల ఇంకెవరో తుడుస్తున్నారు. ఫోటో సూపర్‌వైజర్ దాకా వెళ్లి, యాదమ్మను పనిలోంచి తీసేశారట. గబగబా ఆ ఫోటోను నెట్‌లోంచీ ఫోన్‌లోంచీ తీసేసి మేనేజర్ దగ్గరికి పరిగెత్తాను. "ఆమె అబద్ధమాడింది కదా" అన్నాడాయన. నేనాడిన అబద్ధం ఆయనకు చెప్పలేకపోయాను.

ఆదివారం గచ్చిబౌలి దాకా బస్సులో, అక్కణ్ణుంచి పది రూపాయల షేర్ ఆటోలో మళ్లీ నార్సింగి వెళ్లి యాదమ్మ ఇల్లు వెతుక్కున్నాను. తప్పు నాదేనన్నాను.

"వద్దన్నంక గూడ ఎందుకు పెట్టిండ్రు సార్?" అంది.  మళ్లీ తనే అడిగింది. "గా ఫోటోల నేను మంచిగ పడ్డనంట గద. ఏది, జర చూపియ్యుండ్రి."

"తీసేశానమ్మా."

"ఇగ గది గూడ లేదా?"

తిరుగు ప్రయాణంలో తల పైకెత్తలేకపోయాను. ఆమె పని పోవచ్చని తెలిసినా నమ్మినదాని కోసం అక్కడికి వచ్చింది. నేను వెళ్లింది నలుగురూ చూడాలని. ఇలాంటి చోట్లకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: తీసిన ఫోటో ముందు అందులో ఉన్న మనిషికి చూపించండి. యాదమ్మ ఇప్పటికీ తన ఫోటో చూడలేదు.