ఆత్మకూరు బావి నీళ్ళు, ఉడకని పప్పు

జొన్న రైతు నర్సింహులు కార్డు రాయించకపోతే అరవైల నాటి ఆ వానాకాలంలో నేను ఆత్మకూరు వెళ్ళేవాణ్ణి కాదు. "కలుపు చావలే సారూ, జొన్న మునుగుతాంది" అని మాత్రమే ఉంది. అప్పుడు నేను వ్యవసాయ సహాయకుడిగా కొత్త. కలుపు మందు ఇచ్చింది నేనే. చెరువు నీళ్ళు బురదగా ఉన్నాయి, తేటగా ఉన్న బావి నీళ్ళలోనే కలపమని చెప్పిందీ నేనే. అయినా అతనే సరిగ్గా కొట్టి ఉండడని తేల్చేసుకుని, ఆ సంగతి చూపిద్దామనే బయలుదేరాను.

పొద్దున ఆరింటికి మహబూబ్‌నగర్‌లో బస్సెక్కితే ఎనిమిది దాటాక కొత్తకోట. కిరాయి రూపాయి పావలా. అక్కడ ఆత్మకూరు బస్సు కోసం గంటన్నర కూర్చోవాలి. కండక్టరు నా పిచికారీ పంపు చూసి, "గీ పీపాకు గూడ టిక్కెట్ కొట్టాల్నా సారూ?" అన్నాడు. ఒళ్ళో పెట్టుకుంటానంటే వదిలేశాడు.

పదకొండింటికి చేను చేరాను. కూలీలు దొరక్క, నర్సింహులు భార్య ఒక్కతే ఓ మూల కలుపు పీకుతోంది. ఇంకో వారం పోతే ఆ పంట దక్కదు.

"నువ్వు చెప్పినట్టే కొట్టిన సారూ. ఊరోళ్ళు నాకే చాతగాదంటున్నరు," అన్నాడు నర్సింహులు. నేను నమ్మలేదు.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. అతని తల్లి ఎసరు పెడుతూ, చేతికందే బావి నీళ్ళు వదిలేసి మూలనున్న చెరువు నీళ్ళ బిందె వంచింది. ఎందుకని అడిగాను.

"గా బాయి నీళ్ళల్ల పొద్దుందాక మంట పెట్టినా పప్పు ఉడకది బిడ్డా. సబ్బు గూడ నురగ రాదు. సున్నం నీళ్ళు గవి."

నేను మందు కలపమన్నది ఆ నీళ్ళలోనే. పెరట్లో రెండు ఖాళీ సీసాలు తీసుకుని, ఒకదాంట్లో బావి నీళ్ళు, ఇంకోదాంట్లో వడగట్టిన చెరువు నీళ్ళు పోసి మందు కలిపాను. కాసేపటికి బావి నీళ్ళ సీసా అడుగున తెల్లటి పొడి పేరుకుంది. మందు సున్నంతో కలిసి అట్లా అడుక్కి దిగిపోతే కలుపు మీద పడేది ఉత్త నీళ్ళే. సిగ్గేసింది.

చెరువు నీళ్ళు పాత ధోవతిలో వడగట్టి, సాయంత్రం గాలి తగ్గాక చేనంతా కొట్టాం. తెల్లారి చూస్తే కలుపు కాడలు మెలికలు తిరిగి వాలిపోయి ఉన్నాయి. చూడటానికి వచ్చిన నలుగురి ముందు, "తప్పు ఇతనిది కాదు, నాది" అన్నాను. నర్సింహులు తల వంచుకుని పంపు కడుగుతూనే ఉన్నాడు. అతని భార్య మాత్రం, "ముందుగాల్నే మా అత్తను అడిగితే అయిపోతుండె గద సారూ" అంది.

తేటగా కనిపించేవన్నీ మంచి నీళ్ళేనని పుస్తకం చదివిన నేను అనుకున్నాను. ఆ ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చునే మనిషికి అసలు సంగతి ఎప్పుడో తెలుసు. అటువైపు మందు పట్టుకుని వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే: డబ్బా మూత తీసే ముందు, ఆ ఇంట్లో పప్పు ఏ నీళ్ళతో వండుతారో అడగండి. నేను ఆ ఒక్క మాట అడగనందుకు, చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి తన ఊళ్ళో చేతగానివాడయ్యాడు.