సైరోస్ రేవులో నా వాటా

ఆ రోజుల్లో మా జువ్వలదిన్నె ఒడ్డున తాడు మీద చెయ్యి వేసినవాడెవడూ ఉత్త చేతులతో ఇంటికి పోయేవాడు కాదు. పెద్దవల లాగుతుంటే దారిన పోయేవాడైనా వచ్చి కాసేపు లాగేవాడు, వల ఒడ్డెక్కాక నాలుగు చేపలు తీసుకుని తన దారిన పోయేవాడు. అడిగే పని లేదు. ఉప్పునీళ్లున్న ప్రతిచోటా ఇదే పద్ధతి అనుకున్నాను. అనుకోవడం నా తప్పా? ముప్పై ఏళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. (ఎవరి మీద మండాలో మాత్రం ఈమధ్యే తెలిసింది.)

మా అక్క భర్త, అంటే మా బావ, తను పనిచేసే సరుకు ఓడలో నాకూ పని ఇప్పించాడు. అదే నా మొదటి ప్రయాణం. ఓడ మరమ్మతు కోసం గ్రీసు దేశంలో సైరోస్ అనే దీవిలో ఆగితే, ఊరు చూసి రమ్మని మా ఇద్దరికీ ఒక పూట సెలవిచ్చారు. పాత రేవుపట్నం. కొండ మీదికి ఒకదాని వెనక ఒకటి ఎక్కుతున్నట్టు ఇళ్లు, నడిచే వీధికి కూడా పాలరాయి. నేను బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాను. "తొడుక్కోరా, గుడి కాదిది" అని కసిరి బావ కాఫీకి కూర్చున్నాడు. నేను బూట్లు చేత్తోనే పట్టుకుని రేవు గట్టుకు పోయాను. అక్కడొక ముసలాయన ఒక్కడే తన చిన్న పడవను ఒడ్డుకు లాక్కుంటున్నాడు. చుట్టూ పదిమంది నిలబడి ఫోటోలు తీస్తున్నారు గాని ఒక్కడూ తాడు ముట్టడు. నాకు కోపం వచ్చింది. బూట్లు పక్కన పెట్టి లాగాను. పడవ ఒడ్డెక్కింది, ఆయన నా భుజం తట్టాడు. పని అయింది గదా అని ఆయన బుట్టలోంచి నాలుగు ఎర్రచేపలు తీసి, సంచి లేదు కాబట్టి బూటుకు రెండు చొప్పున పెట్టుకుని బయలుదేరాను.

ముసలాయన పెట్టిన కేకకు రేవంతా తిరిగి చూసింది. పోలీసు వచ్చాడు. "తాడు లాగించుకుని చేపలు పెట్టరా? మీదీ ఒక రేవేనా?" అని తెలుగులోనే నిలదీశాను. బావ పరిగెత్తుకొచ్చి బూట్లు లాక్కున్నాడు.

"ఏం చేసినావురా?"

"నా వాటా తీసుకున్నా బావా."

"నోరు మూసుకోని నిలబడు."

పోలీసు వైపు తిరిగి, తీసింది తనే అన్నట్టు గుండె మీద చెయ్యి వేసి చూపించుకుని, దండం పెట్టి లెంపలు వేసుకున్నాడు. మొదటి ప్రయాణంలోనే నా ఓడ ఉద్యోగం పుస్తకంలో మచ్చ పడితే మళ్లీ ఏ ఓడా ఎక్కించుకోదని ఆయన భయం. ఆ తర్వాత ఏ రేవులోనూ బావను ఓడ దిగనివ్వలేదు. 'బావ చేపల దొంగ' అనే కబురు ఓడ వంటవాడి ద్వారా మాకంటే ముందే ఊరు చేరింది. నేను కాదనలేదు. నవ్వాను. పెళ్లిళ్లలో ఆ కథ నేనే చెప్పి, పోలీసుకు మీసాలు కూడా పెట్టాను.

మొన్న ఒడ్డున వాటాలు పంచే పెద్దరికం ఎవరికివ్వాలా అని ఊరు కూర్చుంది. బావ పేరు వచ్చింది. చేపల వేలం పాడే ఆయన, "ఇయ్యండన్నా, బూట్లు మాత్రం దాచిపెట్టండి" అన్నాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వి, తువ్వాలు దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. నాకు మండిపోయింది. "నువ్వు చూసినావా? ఎవరు చెప్పినారు నీకు?" అని లేచాను.

"నువ్వే గదన్నా" అన్నాడు ఆయన.

నిలబడే ఉన్నాను కాబట్టి జరిగిందంతా చెప్పేశాను. "మరి ముప్పై ఏళ్లు ఏం చేస్తా ఉన్నావు?" అని ఎవరో అడిగారు. నేను కూర్చున్నాను. పెద్దరికం బావకే ఇచ్చారు.

మరుసటి ఉదయం ఒడ్డుకు పోయి, వాటాలు పంచుతున్న బావ ముందు నిలబడ్డాను. ఆయన తలెత్తలేదు. "తాడు పట్టినావా?"

"మోకాళ్ల నొప్పులు బావా."

"అయితే వాటా లేదు."

ఇంతమందిలోనా అని మళ్లీ కోపం వచ్చింది. ఆ కోపంతోనే, బొజ్జ అడ్డం వస్తున్నా రెండో వలకు చివరిదాకా తాడు లాగాను. బావ నాలుగు చేపలు ఏరి నా ముందుకు తోశాడు. ఉత్త చేతులతో నిలబడిన నన్ను కింది నుంచి పైకి చూసి, "బూట్లు తెచ్చుకోలేదా?" అన్నాడు.

నేను నిజంగానే నా కాళ్ల వైపు చూసుకున్నాను.